ఊరి పేరు విప్పి చదవడం – ఆరో పాఠం: అతుకు ఎక్కడ ఉంది?

ఐదో పాఠం చివర విశాఖ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు పది ఇచ్చి, వాటిని విడదీసి అర్థం రాయమన్నాను. వచ్చిన జవాబులన్నీ ఓపికగా చదివాను. చివరి పదాన్ని గుర్తించడంలో ఎవరూ తడబడలేదు. పాలెం, పేట, వలస, పురం, గుంట, తోట వంటివాటిని అందరూ సరిగ్గానే విడదీశారు కనుక వాటి జోలికి మళ్లీ వెళ్లను. తడబాటంతా మొదటి సగంలో జరిగింది. నక్కవానిపాలెం ఒకప్పుడు నక్కలు తిరిగిన చోటని సగానికి పైగా రాశారు. ఒకరైతే ఆ నక్కలు రాత్రివేళ కొండ దిగి, ఒడ్డున పీతలను పట్టుకు తినేవని కూడా వర్ణించారు. అక్కయ్యపాలెం ఎవరో తమ్ముడు తన అక్కయ్యకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఊరని ఇంకొకరు, సింధియా అనే చోట గ్వాలియరు మహారాజు ఓడ దిగాడని మరొకరు రాశారు. కథలు బాగానే ఉన్నాయి, కానీ నేను అడిగింది కథలు కాదు. ఈ వారం ‘ఆడ’తో ముగిసే పేర్లు చెప్పాలనుకున్నాను. ఈ జవాబులు చూశాక ఆ పాఠాన్ని వాయిదా వేసి, మొదటి సగాన్ని ఎలా చదవాలో చెప్పక తప్పడం లేదు.

తప్పు మీది మాత్రమే కాదు. పేరును వెనుక నుంచి ముందుకు చదవమని చెప్పాను గాని, వెనుక పదాన్ని తీసేశాక వెంటనే ఏది చూడాలో చెప్పలేదు. మీరు చివరి పదాన్ని తీసి పక్కన పెట్టి, ఒక్క గంతులో మొదటి పదం మీదికి దూకారు. మధ్యలో ఉన్నదాన్ని చూడలేదు. ఆ మధ్యలో ఉండి రెండింటినీ కలిపే ముక్కనే నేను అతుకు అంటాను. వ్యాకరణంలో దీనికి షష్ఠి, ఔపవిభక్తికం వంటి పేర్లు ఉన్నాయి, కావలసినవారు అవే వాడుకోవచ్చు. నాకు మాత్రం ఒక అడ్డదారి అలవాటు. చివరి పదాన్ని తీసేయగానే, మిగిలిన ముక్కను ‘ఎవరిది?’ అని ఒకసారి, ‘దేనిది?’ అని ఒకసారి అడుగుతాను. ఆ రెండు ప్రశ్నలలో ఏదానికి జవాబు వస్తుందో అతుకే చెబుతుంది. మొదటి పదానికి నిఘంటువులో ఏ అర్థం ఉందన్నది ఆ తరువాతి సంగతి.

ఇప్పుడు నక్కల దగ్గరికి వద్దాం. నక్కవానిపాలెంలో పాలెం తీసేస్తే మిగిలేది ‘నక్కవాని’. ఇందులో అతుకు ‘వాని’. వాడు అనే మాటకు షష్ఠీ విభక్తిలో వాని అన్నది రూపం. రాముడు రాముని అయినట్టే, భీముడు భీముని అయినట్టే, వాడు వాని అవుతుంది. నమ్మకం కుదరకపోతే తీరం వెంట ఉత్తరానికి వెళ్లి భీమునిపట్నం బోర్డు చూడండి. అక్కడ డుకారం పోయి నికారం వచ్చినట్టే ఇక్కడా వచ్చింది. ఇక నక్కకు వాని అనే రూపం రానే రాదు. నక్కను మనం ‘వాడు’ అనము, ‘అది’ అంటాము. నక్కలు తిరిగిన చోటైతే నక్కలపాలెం అయ్యేది, నక్కలగుంట అయ్యేది, నక్కలదిబ్బ అయ్యేది. ‘వాని’ కనిపించిందంటే అక్కడ మనిషి ఉన్నాడు. నక్క అన్నది ఆ మనిషి ఇంటిపేరు. మన ఇంటిపేర్లలో పిల్లి, పులి, కాకి, మేక అన్నీ ఉన్నాయి. పులివారి పెళ్లికి పిలుపు వస్తే మనం కర్ర పట్టుకుని వెళ్లము కదా. ఊరి పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంటిపేరు మరచిపోయి జంతువును చూస్తున్నాము.

ఈ ఒక్క విషయం మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఉత్తరాంధ్రలో ‘వాని’ అతుకుతో ఉన్న పాలేలు కోకొల్లలు. విశాఖలోనే రేసపువానిపాలెం ఉంది, గుడ్లవానిపాలెం ఉంది. గుడ్లవానిపాలేనికి కోడిగుడ్ల వ్యాపారం అంటగట్టినవారు, రేసపువానిపాలేనికి గుర్రపు పందేలు అంటగట్టినవారు మీలో ఉన్నారు. గుర్రపు పందేల సంగతి రాసిన పాఠకుడు ‘రేసు’ అనే ఇంగ్లీషు మాట దొరికిందని సంబరపడ్డారు గాని, ఆ తరువాత వచ్చిన ‘పువాని’ని ఏం చేశారో జవాబులో ఎక్కడా లేదు. ఒక పేరులో రెండు అక్షరాలకు కథ దొరికి, మిగిలిన మూడు అక్షరాలకు దిక్కు లేకపోతే, ఆ కథ తప్పని అక్కడే తెలుసుకోవాలి. అక్షరం అక్షరానికీ లెక్క చెప్పలేని అర్థాన్ని నేను అంగీకరించను.

ఇక్కడే మరొక మెలిక ఉంది. రేసపు అన్న ముక్కలో ‘పు’ ఉంది. సముద్రము సముద్రపు అయినట్టు, గుర్రము గుర్రపు అయినట్టు, ఇదీ ఒక అతుకే కదా, అయితే రేసము అంటే ఏమిటి అని ఇద్దరు అడిగారు. వెతకవద్దు. ఊరి పేరులో అతుకు అంటే చివరి పదానికి ఆనుకుని ఉన్నది మాత్రమే. ఇక్కడ పాలేనికి ఆనుకుని ఉన్నది వాని. దాని ముందున్న రేసపు అంతా కలిపి ఒక ఇంటిపేరు. ఆ ఇంటిపేరు ఎలా పుట్టిందన్నది వేరే పాఠం, వేరే ఓపిక. అదే ‘పు’ చివరి పదానికి నేరుగా ఆనుకుని ఉంటే అప్పుడు అది అతుకు అవుతుంది. తగరపువలసలో వలసకు ఆనుకుని పు ఉంది కనుక వెనుక ఉన్నది తగరము. తగరానికి నిఘంటువులలో లోహమనే అర్థమూ ఉంది, చెట్టనే అర్థమూ ఉంది. అతుకు మిమ్మల్ని ఆ రెండింటి ముందు నిలబెట్టి ఆగిపోతుంది. మీరూ అక్కడే ఆగండి.

‘వాని’ గురించి చివరగా ఒక మాట. వాడు, వాని అనడం ఆ కుటుంబాన్ని తక్కువ చేసినట్టు కాదా అని ఒక పెద్దావిడ అడిగారు. నేటి మాటతీరులో అలా అనిపించడం సహజమే. పాత తెలుగులో ఇంటిపేరు మీద వాడు చేర్చడం ఒక గుర్తింపు మాత్రమే, చిన్నచూపు కాదు. చెవికి సంబంధించిన చిక్కు కూడా ఒకటి ఉంది. వేగంగా పలికేటప్పుడు వాని అరిగిపోతుంది, వకారం జారిపోయి నక్కానిపాలెం అనే వినిపిస్తుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు దగ్గర బస్సెక్కి, కండక్టరు గారి నోట వచ్చిన పేరునే కాగితం మీద పెట్టుకుంటే మీకు ‘నక్కాని’ అనే కొత్త పదం పుడుతుంది, దానికి అర్థం ఎక్కడా దొరకదు. ముందు వకారాన్ని తిరిగి తెచ్చి పెట్టండి, తరువాత విడదీయండి.

‘ఎవరిది?’ అన్న ప్రశ్నకు జవాబు వచ్చే పేర్లలో రెండో రకం వ్యక్తి పేర్లు. వీటికి వాని అక్కర లేదు. అయ్య, అన్న, అమ్మ అన్నవి పేరులోనే ఉంటాయి, పాలెం నేరుగా వచ్చి వాటికి అంటుకుంటుంది. కూర్మన్నపాలెం ఇటువంటిది. అక్కయ్యపాలాన్ని కూడా ఈ వరుసలోనే పెట్టాలి. అక్కయ్య అంటే మన ఇళ్లలో తోడబుట్టిన ఆడపడుచే, కాదనను. కానీ ఊరికి పేరు పెట్టినప్పుడు ‘ఎవరి అక్కయ్య?’ అన్న ప్రశ్న మిగిలిపోతుంది. బంధుత్వపు మాట ఒక ఇంట్లో చెల్లుతుంది గాని, ఊరందరికీ గుర్తుగా చెల్లదు. అక్క అన్న శబ్దంతో మగవారి పేర్లు ఉండేవా అని సందేహించేవారు గోల్కొండ చరిత్ర తీయండి. అబుల్ హసన్ కుతుబ్‌షా కొలువులో మంత్రులుగా ఉన్న అన్నదమ్ములు అక్కన్న, మాదన్నలు. అన్న చేరితే అక్కన్న అయినప్పుడు, అయ్య చేరితే అక్కయ్య కావడంలో వింత లేదు.

కూర్మన్న అన్న పేరు దగ్గర కొంచెం ఆగాలనిపిస్తోంది. శ్రీకాకుళానికి దగ్గరలో శ్రీకూర్మం ఉంది, విష్ణువు కూర్మరూపంలో పూజలందుకునే క్షేత్రం అది. ఆ దేవుడి పేరు మీద ఉత్తరాంధ్రలో కూర్మన్నలు, కూర్మారావులు, కూర్మమ్మలు పుట్టారు. సింహాద్రి అప్పన్న పేరు మీద అప్పన్నలు, అప్పలరాజులు, అప్పలనాయుళ్లు, అప్పలనర్సమ్మలు, విజయనగరం పైడితల్లి పేరు మీద పైడిరాజులు, పైడమ్మలు వచ్చారు. సింహాచలం అన్నది కొండ పేరు, ఊరి పేరు, మా వీధిలో కూరగాయలు అమ్మే ఆవిడ పేరు, ఆవిడ మేనల్లుడి పేరు కూడా. ఆ ఇంటి ముందు నిలబడి ‘సింహాచలం!’ అని పిలిస్తే ఇద్దరు పలుకుతారు. ఒక మనిషి పేరు విని అతని సొంత ప్రాంతాన్ని ఊహించగలిగినట్టే, పాలెం ముందున్న మనిషి పేరు విని ఆ పాలెం వారు ఏ దేవుడి కొండకు మొక్కుకునేవారో ఊహించవచ్చు. రుజువుగా కాదు, ఊహగానే.

ఇక ‘దేనిది?’ అన్న ప్రశ్న. దీనికి ముఖ్యమైన అతుకులు ల, టి, పు. వీటిలో ‘ల’ బహువచనం నుంచి వస్తుంది. భీమిలి దారిలో మూడు బౌద్ధ క్షేత్రాలు మూడు కొండల మీద ఉన్నాయి. వాటి పేర్లు తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ. తొట్టికి బహువచనం తొట్లు, దాని షష్ఠి తొట్ల. పావురానికి పావురాలు, పావురాల. తొట్లకొండ ఎక్కి చూసినవారికి పేరు విప్పి చెప్పనక్కర లేదు. స్తూపం, విహారపు గదుల పునాదుల మధ్య నడుస్తూ ఉంటే, రాతిలో తొలిచిన లోతైన తొట్లు కనిపిస్తాయి. కొండ మీద ఊట లేదు, వాన నీరే ఆధారం, కనుక భిక్షువులు రాతిని తొలిచి నీటిని నిలవ చేసుకున్నారు. తరువాత భిక్షువులు పోయారు, స్తూపాలు మట్టిలో కలిసిపోయాయి, అక్కడొక విహారం ఉండేదన్న జ్ఞాపకమే జనంలో మిగలలేదు. కానీ తొట్లు కనిపిస్తూ ఉండడం వల్ల కొండకు ఆ పేరే నిలిచింది. 1988 నుంచి పురావస్తు శాఖ తవ్వకాలు జరిపాక విహారం బయటపడింది. బావికొండకు కూడా వాన నీటి బావుల వల్లనే ఆ పేరు. అక్కడ బావులు ఒకటికి మించి ఉన్నా పేరులో ‘ల’ రాలేదన్నది గమనించండి. ‘ల’ ఉంటే బహువచనం తప్పకుండా ఉన్నట్టే, ‘ల’ లేకపోతే ఒకటే ఉందని మాత్రం చెప్పలేము.

‘టి’ అతుకు అసలు పదాన్నే మార్చేస్తుంది. ఇల్లు ఇంటి, నోరు నోటి, ఏరు ఏటి అవుతాయి. మా విద్యార్థులకు నేను ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ తాటిచెట్లపాలెం. తాటి అన్నది అసలు పదమని చాలామంది అనుకుంటారు. ‘తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడు’ అన్న సామెత గుర్తు చేసుకోండి. అసలు పదం తాడి, దానికి అతుకు పడితే తాటి. చెట్టుకు బహువచనం చెట్లు, దాని షష్ఠి చెట్ల. అంటే పాలేనికి ఆనుకున్న అతుకు ‘ల’, ‘టి’ దాని ముందు ముక్క లోపలిది. లక్క బొమ్మలకు పేరుపడిన ఏటికొప్పాక మరొక ఉదాహరణ. అంకుడు కర్రను చక్రం మీద తిప్పుతూ రంగు లక్కను అద్దే ఆ ఊరు వరాహ నది ఒడ్డున ఉంది. ఏటికి ఆనుకుని ఉన్న కొప్పాక కనుక ఏటికొప్పాక. ఇక్కడ అతుకు ఊరు ఏ గట్టున ఉందో కూడా చెబుతోంది. అయితే రుకారంతో ముగిసే ప్రతి మాటా టి అవుతుందని అనుకోవద్దు. ఏరు ఏటి అవుతుంది గాని, ఊరు ఊరి అవుతుంది. అలవాటు మీద తెలియవలసిందే, సూత్రం అడగవద్దు.

నీటి పేర్ల విషయంలో ఒక చిన్న సవరణ. మేఘాద్రిగెడ్డను నలుగురు ‘గడ్డ’ అని దిద్ది పంపారు. దిద్దవద్దు. ఉత్తరాంధ్రలో కొండల నుంచి పారే వాగును గెడ్డ అంటారు. రాయలసీమలో వంక, మిగిలిన చోట్ల వాగు అన్నదే ఇక్కడ గెడ్డ. హనుమంతవాకలో ఉన్న వాక కూడా పారే నీటి మాటే. ఆరిలోవ, ముడసర్లోవలలో ఉన్న లోవ అంటే కొండల నడుమ పల్లం. సీతమ్మధార, మాధవధారలలో ధార కొండ నుంచి దిగే నీరు.

అతుకు లేని పేర్లూ ఉన్నాయి. విశాఖపట్నమే అటువంటిది. సంస్కృత సమాసపు పద్ధతిలో రెండు పదాలు నేరుగా కలిస్తే మధ్యలో తెలుగు అతుకు ఉండదు. చోళ చక్రవర్తి పేరిట ఇదే పట్నానికి శాసనాలలో కనిపించే మరో పేరు కులోత్తుంగచోళపట్టణం. అంత పొడుగు పేరులోనూ అతుకు లేదు. ఇటువంటి చోట నా అడ్డదారి పనిచేయదు. సింధియా అసలు ఊరి పేరే కాదు. అక్కడ నౌకా నిర్మాణ కేంద్రాన్ని 1941లో మొదలుపెట్టింది సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. ఆ కంపెనీ పేరు బస్సు ఆగే చోటికి అంటుకుంది. ఇప్పుడది హిందుస్తాన్ షిప్‌యార్డు అయినా, బస్సెక్కినవారు సింధియాకే టికెట్టు అడుగుతారు. జగదాంబ కూడలికి సినిమా హాలు పేరు అంటుకున్నట్టే ఇదీ. చివరి పదం ఏదీ దొరకని పేరు వస్తే, అక్కడ ఒకప్పుడు ఏ కంపెనీ, ఏ సినిమా హాలు, ఏ సర్కారీ డిపో ఉండేదో ముందు అడగండి. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు పేరులో ఉన్నది కూడా నౌకాదళపు ఆయుధాల డిపోయే.

అతుకు సరిగ్గా చూసి కూడా పొరబడడం సాధ్యమే. అందుకు నేనే ఉదాహరణ. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలను అనకాపల్లి దగ్గర సంకరం తీసుకువెళ్లాను. సంకరం అంటే కలగలుపు, రెండు జాతుల ప్రజలు కలిసి ఉన్న ఊరు కనుక ఆ పేరు వచ్చి ఉంటుందని, ధైర్యంగా, నల్లబల్ల మీద రాసినంత ధైర్యంగా చెప్పాను. పక్కనే మేకలను తోలుకుపోతున్న ఒక ముసలాయన నిలబడి విని, ‘మాస్టారూ, కొండ మీదికి ఎక్కకుండానే చెప్పేశారా?’ అన్నాడు. ఎక్కి చూశాక మాట పెగలలేదు. అక్కడ రాతిలో తొలిచిన గుహలు, బుద్ధుని శిల్పాలు, ఏకశిలా స్తూపాలు ఉన్నాయి. బౌద్ధ భిక్షువులు ఉండే విహారాన్ని సంఘారామం అంటారు, ఆ మాట జనం నోట అరిగి సంకరం అయింది. ఆ కొండ పేరు బొజ్జన్నకొండ. పై సూత్రం ప్రకారం ‘ఎవరిది?’ అని అడిగితే ‘బొజ్జన్నది’ అని జవాబు వస్తుంది. అన్న ఉంది కనుక మనిషి పేరే. అతుకు అబద్ధం చెప్పలేదు. అయితే ఆ బొజ్జన్న పొట్ట పెరిగిన గ్రామపెద్ద కాదు, బుద్ధుడు. పక్కన ఉన్న లింగాలకొండ మీద వరుసలు వరుసలుగా ఉన్నవి చిన్న చిన్న రాతి స్తూపాలు. చూసినవారికి అవి లింగాలలా కనిపించాయి, ఆ పేరే స్థిరపడింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వకాలు జరిపాడు గనుక మనం ఇంత నిబ్బరంగా చెప్పగలుగుతున్నాము. కొండ మీద స్తూపాలు లేకుండా, ఉత్త శబ్దం పోలిక పట్టుకుని సంకరం అంటే సంఘారామం అని ఎవరైనా రాసి ఉంటే, నక్కల కథకు వేసినట్టే దానికీ సున్నా వేసేవాడిని.

అభ్యాసం. ఇది కొంచెం కష్టమైనదే, రెండు వారాలు తీసుకోండి. కాంప్లెక్స్ నుంచి సింహాచలం వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారిలో వచ్చే ప్రతి స్టాపు పేరునూ మూడు విధాలుగా రాసుకోండి. మొదట బోర్డు మీద తెలుగులో ఉన్నట్టు, తరువాత కండక్టరు పలికినట్టు, ఆ తరువాత ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన డెబ్బై దాటిన వ్యక్తి పలికినట్టు. ఇంగ్లీషు బోర్డును చూడవద్దు, అది దీర్ఘాలను మింగేసి ఆరిలోవను అరిలోవగా చదివిస్తుంది. ఇంట్లో పాత భూమి దస్తావేజులు ఉన్నవారు వాటిలో ఊరి పేరు ఎలా రాసి ఉందో నాలుగో వరుసలో చేర్చండి. ఈ రూపాలు వేరువేరుగా ఉన్న పేర్లను మాత్రమే ఏరి, వాటిలో అతుకును గీత గీసి చూపి, ‘ఎవరిది’ లేదా ‘దేనిది’ అని ఒక్క మాట రాసి పంపండి. అర్థం రాయవద్దు. గంట్యాడ, ఎండాడ, దువ్వాడ, కాపులుప్పాడ వంటి పేర్లు తగిలితే విడదీయకుండా విడిగా ఒక కాగితం మీద పెట్టుకోండి, ఏడో పాఠానికి ఆ కాగితమే కావాలి.